గాలి ఆగాక మొదలయ్యే తుపాను

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కాకినాడకు దక్షిణాన, నరసాపురం సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. టీవీలన్నీ కోనసీమ వైపే చూస్తున్నాయి. తెల్లారి చూస్తే తుపాను తీరం దాటిన చోటికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, తెలంగాణలో ఉన్న దేవరకొండ, డిండి, అచ్చంపేట ప్రాంతాల్లో వాగులు రోడ్లెక్కాయి. లతీపూర్ దగ్గర డిండి వాగు ఉధృతికి హైదరాబాద్–శ్రీశైలం రహదారి కోసుకుపోయింది. దేవరకొండ మండలం కొమ్మేపల్లిలో గురుకుల పాఠశాలను వరద చుట్టుముడితే పిల్లల్ని తాళ్ల సాయంతో బయటికి తెచ్చారు. అలలు ఎరుగని నేల మీద తుపాను చేసిన పని ఇది.

తుపానుకు తిండి వేడెక్కిన సముద్రం. పైపొర నీరు 26, 27 డిగ్రీలు దాటితే ఆవిరి జోరుగా లేస్తుంది. పైన చల్లబడి మేఘమయ్యేటప్పుడు ఆ ఆవిరి తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడే కింది గాలిని ఇంకా పైకి లాగుతుంది. నేల మీదికి రాగానే ఈ సరఫరా తెగిపోతుంది. చెట్టూ చేమా, గుట్టా గోడా గాలికి అడ్డం పడతాయి. ఒకటి రెండు రోజుల్లోనే తీవ్ర తుపాను కాస్తా తుపానుగా, వాయుగుండంగా, అల్పపీడనంగా దిగజారుతుంది. పేరు చిన్నదయ్యేకొద్దీ మన భయమూ చిన్నదవుతుంది. అసలు చిక్కు అక్కడే. తగ్గింది గాలి జోరు మాత్రమే. వందల కిలోమీటర్ల మేర సుడి తిరుగుతున్న తేమ ఎక్కడికీ పోలేదు, పైగా బంగాళాఖాతం నుంచి తూర్పు గాలులు కొత్త తేమను మోసుకొస్తూనే ఉంటాయి. ఆ గాలి నల్లమల గుట్టలకు తగిలి పైకి లేచిందా, చల్లబడి కురుస్తుంది. సుడి మెల్లగా కదిలిందా, కురిసినచోటే కురుస్తుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతలలో మొంథా వేళ ఒక్క రోజులోనే వాన 20 సెంటీమీటర్లు దాటింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు ఏడాది పొడవునా పడేదే సగటున 60 సెంటీమీటర్లు. ఎకరం మీద 20 సెంటీమీటర్ల వాన అంటే 8 లక్షల లీటర్లు. 140 చదరపు కిలోమీటర్ల మీద అంతే కురిస్తే ఒక టీఎంసీ.

ఈ నీళ్లు భూమిలోకి ఇంకవా అంటే, ఇంకడానికి చోటుండాలి కదా. పాలమూరు, నల్లగొండ చెలకల కింద కొన్ని అడుగుల లోతులోనే గ్రానైటు రాయి తగులుతుంది. జూన్ నుంచి కురిసిన వానలకు అక్టోబరు చివరికి ఆ పలుచటి మట్టి నిండిపోయి ఉంటుంది. అప్పుడు పడ్డ వాన పడ్డట్టే వాగు పడుతుంది. చెరువులదీ అదే కథ. ఎగువ చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు దిగువ కుంటకు చేరేలా పూర్వం గొలుసుకట్టుగా కట్టారు. మామూలు ఏడాదిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. అన్నీ నిండి ఉన్నప్పుడు మాత్రం పైన ఒక్క కట్ట తెగితే ఆ వరద భారమంతా కింది కట్టల మీద పడుతుంది. ఈ జిల్లాల్లో తుపాను హెచ్చరిక అంటే గాలి వేగం చెప్పడం కాదు, ఏ చెరువులో ఎంత ఖాళీ ఉందో చెప్పడం. మన వాతావరణ బులెటిన్లు ఇంకా తీరం భాషలోనే మాట్లాడుతున్నాయి.

ఎగువన పడ్డ వాన నీళ్లు దిగువ ఊళ్లకూ వస్తాయి. 2009 అక్టోబరు మొదట్లో బంగాళాఖాతం అల్పపీడనం కర్నూలు మీదా, ఎగువన కర్ణాటక మీదా కుమ్మరించిన వానకు కృష్ణా, తుంగభద్రలు ఒకేసారి పొంగాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం 896 దాటింది. కర్నూలుతో పాటు ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం, రాజోలి మునిగాయి. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి నేతగాళ్ల ఊరు. అక్కడివి గుంట మగ్గాలు. నేత కార్మికుడు కాళ్లు గుంటలో పెట్టి తొక్కుడు చెక్కలు ఆడిస్తూ కూర్చుంటాడు. ఇంట్లోకి నీళ్లొస్తే ముందుగా నిండేది ఆ గుంటే, అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేదీ అదే. కొయ్య ఉబ్బుతుంది, జకార్డు అట్టలు మెత్తబడతాయి, పడుగు నూలు పాడవుతుంది. ఇక మట్టి గోడలు తరచూ నీళ్లు తీసిన తర్వాతే కూలతాయి. నీళ్లలో ఉన్నంతసేపూ రెండు వైపులా నీటి ఒత్తిడి గోడను నిలబెడుతుంది. వరద తీయగానే ఆ ఊతం పోతుంది, నానిన మట్టికేమో పట్టు ఉండదు. చెరువు కట్ట లోపలి వాలు జారేదీ ఇలాగే.

మళ్లీ మొంథాకు వద్దాం. నవంబరులో ఈ జిల్లాల రోడ్ల మీద వెళ్లేవారికి కనిపించేది కూలిన ఇళ్ల కంటే ఎక్కువగా, సగం రోడ్డు ఆక్రమించిన వడ్లు. కోత మిషను కోసిన వడ్లలో తేమ 22 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 దాటితే తీసుకోరు. కాబట్టి ఆరబోయాలి. ఆరబోసిన రెండో రోజో మూడో రోజో ముసురు పట్టిందంటే పరదాలు కప్పాలి. పరదా కింద కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడిగా తగులుతుంది. గింజ ప్రాణమున్నదే. తేమ దొరికితే ఊపిరి పీలుస్తుంది, వేడి వదులుతుంది, ఆ వేడికి బూజు పెరుగుతుంది, బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది. నానిన గింజలో జిబ్బరెల్లిన్ అనే హార్మోను మేలుకుంటే అమైలేజ్ ఎంజైము పిండిని చక్కెరగా విడగొట్టడం మొదలుపెడుతుంది. రెండు మూడు రోజుల్లో తెల్లటి మొలక బయటికొస్తుంది. రంగు మారినవీ, మొలకెత్తినవీ, పుచ్చినవీ కలిపి 5 శాతం దాటకూడదన్నది కేంద్రం పెట్టిన నాణ్యతా నిబంధన.

పైకి బాగున్న వడ్లకూ దెబ్బ తగులుతుంది. ఆరిన గింజ మళ్లీ తడిస్తే పైపొర ముందు ఉబ్బుతుంది, లోపలి భాగం ఉబ్బదు, మధ్యలో వెంట్రుకంత చీలిక పడుతుంది. గింజను ఒలిచి వెలుతురుకు పట్టుకుంటే ఆ అడ్డ గీత కనిపిస్తుంది. మిల్లులో ఆడిస్తే అది నూక. దీనికి విరుగుడు ఉప్పుడు బియ్యం. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి జిగురుగా మారి చీలికలను అతికిస్తుంది. మిర్యాలగూడ మిల్లుల్లో జరిగే పని ఇదే. అయితే అక్కడికి చేరేలోపు తేమకింత, తాలుకింత అని పోయే తరుగు రైతు ఖాతాలోనే పడుతుంది.

పత్తిది ఇంకా మొండి లెక్క. భారత పత్తి సంస్థ (సీసీఐ) 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి తీసుకుంటుంది, ఆపైన తీసుకోదు. చెట్టు మీదే తడిసిన పత్తి ఆరినా నల్లబడుతుంది, దూది పోగు బలం తగ్గుతుంది.

ప్రభుత్వం వేసే పంట నష్టం లెక్కలో చేరాలంటే కనీసం 33 శాతం పోవాలి. అది చేలో నిలబడి ఉన్న పంటకు వేసే కొలత. కోసి కల్లంలో పోసిన కుప్పకు అతకదు. మొంథా వస్తోందని మూడు రోజుల ముందే తెలుసు. ఆ మూడు రోజుల్లో చేయగలిగిన పనులూ తెలిసినవే: నిండిన చెరువుల తూములు తెరిచి కాస్త ఖాళీ చేయడం, కోతలు ఆపించడం, కల్లాల్లో ఉన్న వడ్లను తేమ ఎంతున్నా ముందుగా డ్రయ్యర్లున్న మిల్లులకు తోలడం. మూడోదానికి రూపాయి ఖర్చు కన్నా ఒక ఉత్తర్వు ఎక్కువ అవసరం.