తీగకు ఒక కావలి, మనిషికి మరొక కావలి

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సోవియట్ సహకారంతో వెలసిన ఆ ఉక్కు కర్మాగారం పక్కనే సెక్టార్లుగా ఒక నగరం పెరిగింది. బ్రతుకుతెరువుకై వెళ్ళిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి.

వేసవి రాగానే అక్కడి కిటికీల వద్ద కూలర్లు వెలుస్తాయి. వాటిలో ఇనుప రేకు పెట్టెలు కలవే ఎక్కువ అపాయకరమైనవి. నీరు, ఇనుము, విద్యుత్తు మూడూ ఒకే చోట! మోటారు తీగపై తొడుగు చెడి పెట్టెకు కరెంటు సోకితే, తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి దానిని తాకినవారి గతి ఏమిటి?

“బ్రేకర్ ఉన్నది గదా” అని పలువురి ధైర్యం. కాని ఎమ్.సి.బి. అనబడే ఆ బ్రేకర్ తీగకు కావలి. అధికభారం పడినపుడు అందులోని లోహపు పట్టీ వేడెక్కి వంగుతుంది. షార్ట్ సర్క్యూట్ అయినపుడు అయస్కాంతపు చుట్ట క్షణంలో మీటను పడగొడుతుంది. మానవదేహపు నిరోధం సుమారు 1000 ఓములనుకుంటే, 230 వోల్టుల వద్ద దేహం గుండా పారే విద్యుత్తు 0.23 ఆంపియర్. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 ఆంపియర్ల బ్రేకర్‌కు మాత్రం అది లెక్కలోనికే రాదు.

ఎర్త్ తీగ తప్పనిసరి. అయినా ఎర్త్ గొయ్యి ఎండి నిరోధం 10 ఓములకు పెరిగితే, పెట్టె నుండి భూమిలోనికి పారేది 23 ఆంపియర్లే. ఆ స్వల్పాధిక్యానికి 16 ఆంపియర్ల బ్రేకర్ పడడానికి గంటసేపైనా పట్టవచ్చు. అంతవరకు పెట్టె ప్రాణాంతకమే.

మనిషికి కావలి వేరు. దానిని ఆర్.సి.సి.బి. అంటారు. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ అందులోని ఒక ఉంగరం గుండా సాగుతాయి. పోయిన విద్యుత్తంతా తిరిగి వస్తే ఉంగరంలో అలజడి ఉండదు. కొంత భూమిలోనికి జారిపోతే తేడాను పసిగట్టి, సెకనులో స్వల్పభాగంలో సరఫరాను త్రెంచివేస్తుంది. మన దేశపు విద్యుత్ భద్రతా నిబంధనలు గృహాలకు నిర్దేశించిన గరిష్ఠ పరిమితి 30 మిల్లీ ఆంపియర్లు.

దీని చరిత్రలోనూ ఒక కార్మికనగరం ఉన్నది. దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్ 1955లో ఇటువంటి రక్షణ పరికరాన్ని రూపొందించాడు. 1957, 58లలో స్టిల్‌ఫాంటీన్ అనే గనుల పట్టణంలో 20 మిల్లీ ఆంపియర్ల పరికరాలు కార్మికుల ఇండ్లకు చేరాయి.

అయితే అమరికలో ఒక మెలకువ అవసరం. పరికరం గుండా వెళ్ళిన ఫేజుకు అదే పరికరం గుండా న్యూట్రల్ తిరిగి రావాలి. వేరొక సర్క్యూట్ న్యూట్రల్‌తో గాని, ఎర్త్‌తో గాని కలిస్తే మీట అకారణంగా పడినట్లు కనిపిస్తుంది. అప్పుడు “పరికరం చెడింది” అని తొలగించడం కావలివానిని తరిమివేయడమే; సరిచేయవలసినది వైరింగును.

ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి ముట్టుకొన్నవారిని ఈ పరికరమూ కాపాడలేదు. అధికభారాన్ని ఆపలేదు గనుక దాని వెంట ఎమ్.సి.బి. ఉండితీరాలి. నెలకొకసారి దానిపైనున్న ‘టెస్ట్’ మీటను నొక్కి చూడండి. సరఫరా ఆగకపోతే, కూలర్‌లో నీరు పోయకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.