ఉప్పు కొఠార్ల లారీ

చినగంజాం ఉప్పు కొఠార్ల సమీపాన, సర్కారు తుమ్మల మధ్య పదేళ్లకు పైగా నిలిచిపోయిన ఒక లారీని మా తమ్ముడు 1,20,000 రూపాయలకు కొన్నాడు. క్రేనుతో ఎత్తించి, ట్రాలీ మీద విజయవాడ ఆటోనగర్‌కు చేర్పించి, ఆ సాయంత్రమే అబ్బాను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"అబ్బా, బెంజి దొరికింది. 1958 మోడల్. మీరు సాగర్‌లో ఎక్కిన బండే అనుకోండి!"

అబ్బాకు ఇప్పుడు 82 ఏళ్లు. చేతికర్ర ఆనించుకుంటూ లారీ చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేశారు. బానెట్ మీది నక్షత్రాన్ని తడిమారు. "మాషా అల్లాహ్, గట్టి బండి" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని తమ్ముడు ఆనందంగా అర్థం చేసుకున్నాడు. నాకు మాత్రం అనుమానం తోచింది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. అది రాతికట్టడపు ఆనకట్ట. ఎన్నో వేలమంది కూలీల చేతులతోపాటు లారీలు కూడా రాయి, ఇసుక, సిమెంటు మోస్తూ దాని నిర్మాణంలో అరిగిపోయాయి. పదిహేడేళ్ల వయసులో అబ్బా అటువంటి ఒక లారీకి క్లీనరుగా చేరారు. ఆ రోజుల్లో లారీ అంటే మావాళ్లకు బెంజియే. రైలింజన్ల తయారీకై 1945లో జంషెడ్‌పూర్‌లో నెలకొన్న టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని, ఆ ఏడాదే లారీలను బయటికి తెచ్చింది. 1969లో ఒప్పందం ముగిసింది. ముక్కు మీది నక్షత్రం పోయి 'టీ' అక్షరం వచ్చింది. పేరు మారినా గుండ్రని బానెట్ మాత్రం చాలాకాలం మారలేదు. డ్రైవర్లు కూడా 'టాటా బెంజి' అని పిలవడం మానలేదు. పాతబండ్ల విషయంలో జరిగే పొరపాట్లన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి.

మరమ్మతు చేసే ఉస్తాద్ గారు నలభై ఏళ్లుగా ఆటోనగర్‌లో టాటా బండ్లు విప్పుతున్నవారు. తమ్ముడు చెప్పిందంతా ఓపికగా విని, "ముందు బండి ఎవరో తెలియనివ్వండి, తరువాత వైద్యం చేద్దాం" అన్నారు. క్యాబిన్‌ను చూసి వయసు చెప్పడం వృథా అని ఆయన అభిప్రాయం. మన దేశంలో లారీ కర్మాగారం నుంచి చాసిస్‌గా, బానెట్‌తో, ముందుభాగపు రేకుతో మాత్రమే వచ్చేది. క్యాబినూ, సరుకు పెట్టే తొట్టీ బాడీ కట్టేవారి చేతిపని. ఇరవై ఏళ్లకొకసారి అది మారిపోవచ్చు. ఇంజను కూడా సాక్ష్యానికి పూర్తిగా పనికిరాదు. ఒక బండి ఇంజను మరో బండిలోకి ఎక్కించడం ఈ వృత్తిలో మామూలే. ఇక మిగిలేది చాసిస్ పట్టీ మీద గుద్దిన అంకెలు. ఉప్పు తిన్న ఆ పట్టీ మీద అంకెలు తుప్పులో దాగి ఉన్నాయి. తమ్ముడు గ్రైండరు అందుకోబోతే ఉస్తాద్ గారు చేయి పట్టుకుని ఆపారు. గ్రైండరు తగిలితే తుప్పుతోపాటు అంకెలూ పోతాయి, దిద్దిన నంబరని రవాణా అధికారులు అనుమానిస్తారు. కిరసనాయిలు పూసి, ఒక రాత్రి నాననిచ్చి, ఇత్తడి బ్రష్షుతో రుద్దాలి. మర్నాడు అంకెలు ఒక్కొక్కటే తేలాయి. వాటిపై కాగితం పరచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకున్నారు.

ఆ తరువాత నక్షత్రం వంతు వచ్చింది. దాన్ని బిగించిన స్క్రూలు కొత్తవి. విప్పి చూస్తే వెనుక రంగు వెలసిన గుండ్రటి నీడ, అందులో 'టీ' ఆకారం. ఎవరో ధర పెంచేందుకు నక్షత్రం అతికించారు. ఇంజను నంబరు 692తో మొదలైంది. అంటే ఆరు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 92 మిల్లీమీటర్లు అని ఉస్తాద్ గారు వివరించారు. అబ్బా ఎరిగిన బెంజి ఇంజను 90 మిల్లీమీటర్లది.

తమ్ముడి ముఖం వాడిపోయింది. "మీకు మొదటిరోజే తెలుసా అబ్బా?" అని అడిగాడు.

"తెలుసు. నీ సంతోషం చూసి ఒక్కరోజు ఆగుదామనుకున్నాను" అన్నారు అబ్బా.

అసలు విషయం ఇంకా మిగిలే ఉంది. అమ్మినవాడు కాగితాలు పోయాయని చెప్పాడు. మూడు అక్షరాల పాత నంబరు పలక సగం చిరిగిపోయింది. క్యాబిన్ తలుపు మీది రంగు పొరలను గరుకు కాగితంతో ఒక్కొక్కటిగా అరగదీస్తుంటే, పచ్చరంగు కింద నీలం, దాని కింద ఎరుపు, అందులో తెల్లని అక్షరాలు కనిపించాయి. నుదుటిమీద 'పబ్లిక్ క్యారియర్' అని ఉంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టపు మాట అది. 1989 జులైలో కొత్త చట్టం అమలులోకి వచ్చాక పోయింది. దాని పక్కన 786. అది చూసి తమ్ముడికి మళ్లీ ఆశ పుట్టింది, మన తాతగారి కాలపు ముతవల్లీ గారి బండేమోనని. "మన వాళ్ల లారీలన్నిటిమీదా ఆ అంకె ఉండేది బేటా" అని అబ్బా నవ్వారు. ఎడమ తలుపు మీద యజమాని పేరు, కింద 'చీరాల' అని ఊరు. పేరును ఇక్కడ రాయను.

ఆ పేరు పట్టుకుని మేము ముగ్గురం చీరాల వెళ్లాం. రెండు మసీదుల దగ్గర అడిగితే ఇల్లు తెలిసింది. యజమాని గతించి పన్నెండేళ్లయిందట. ఆయన భార్య, డెబ్బై దాటిన ఖాలా, మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. లారీ సంగతి ఎత్తగానే లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన ఆర్‌సీ పుస్తకం తెచ్చారు. టాటా 1210, మొదటి రిజిస్ట్రేషను 1979. ఆ పేరులో 12 అనేది బండి, సరుకు కలిపిన బరువు టన్నుల్లో. 10 అనేది ఇంజను శక్తి పదుల అశ్వశక్తిలో. మా పెన్సిలు ముద్రను పక్కన పెట్టి చూశాం. అంకెలన్నీ సరిపోయాయి.

"బండి కొఠార్ల దగ్గరే ఉంది కదా, మీ దగ్గరికి ఎలా వచ్చింది?" అని ఖాలా అడిగారు.

ఎవరి గొంతూ పెగలలేదు. అమ్మినవాడు ఆమె మరిది కుమారుడు. ఆమెకు గానీ, ఇద్దరు కూతుళ్లకు గానీ ఒక్క మాట చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో అబ్బా వేళ్ల మీద లెక్క వేశారు. మృతునికి కుమారులు లేరు. తల్లిదండ్రులు, తోబుట్టువులు అంతకు ముందే గతించారు. అప్పులూ, వసీయతూ ఏమీ లేవని ఖాలా చెప్పారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, ఇద్దరు కూతుళ్లకు కలిపి 16, మిగిలిన 5 ఆ తమ్ముని కుమారునివి. అంటే 1,20,000లో అతని హక్కు 25,000 మాత్రమే. ఖాలాకు 15,000, కూతుళ్లకు చెరి 40,000 రావాలి. "అతను పూర్తిగా దొంగ కాడు, వారసుడే. కానీ తనది కాని 95,000 తీసుకున్నాడు. వాళ్లు ఒప్పుకునేదాకా ఈ బండికి స్పానరు తగలకూడదు" అన్నారు.

తమ్ముడు వాదించాడు. డబ్బు ఇచ్చింది తాను, మోసపోయింది తాను. మళ్లీ తానెందుకు ఆగాలి? అతని వాదనలో న్యాయం లేదని నేను అనలేను. అయినా యజమాని మరణించిన బండిని పేరు మార్చాలంటే ఫారం 31 మీద వారసుడు రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేయాలి. అటు చట్టం చూసినా, ఇటు షరీఅత్ చూసినా దారి చీరాల గుండానే పోతుంది. పెద్దలు కూర్చున్నారు. ఆ అబ్బాయి తప్పు ఒప్పుకుని 50,000 తెచ్చి ఖాలా ముందు పెట్టాడు. మిగతాది ఖర్చయిపోయింది. మూడు వారాలు ఎటూ తేలలేదు. చివరికి తమ్ముడు తన మోటారుసైకిలు అమ్మి 45,000 ఇచ్చాడు. ఆ మొత్తం అతనికి బాకీగా రాసుకున్నారు. ఇది రాసేనాటికి రెండు వాయిదాలు ముట్టాయి.

ఆ తరువాతే మరమ్మతు మొదలైంది. నిలిచిపోయిన డీజిలు ఇంజనును తొందరపడి తిప్పకూడదు. రింగులు సిలిండరు గోడకు పట్టుకుని ఉంటాయి; సెల్ఫ్ కొడితే విరుగుతాయి. ఉస్తాద్ గారు నాజిళ్లు విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి ఐదు రోజులు వదిలేశారు. ఆరోరోజు ఫ్లైవీలుకు గడ్డపార ఆనించి నెట్టితే వెంట్రుకవాసి కదిలింది. ముందుకూ వెనక్కూ ఆడిస్తూ సాయంత్రానికి పూర్తి చుట్టు తిప్పారు. సంపులోంచి ఆయిలుకంటే ముందు ఒక చెంబెడు నీళ్లు వచ్చాయి. ట్యాంకు అడుగున డీజిలు జిగురైపోయింది. పంపును, నాజిళ్లను క్యాలిబ్రేషను షాపుకు పంపారు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో సంస్థ తయారుచేసిన పంపు అది. విప్పి కడిగితే ఇంకా పనికొస్తుందట.

ఉప్పు అసలు దెబ్బ చాసిస్ మీదే కొట్టింది. సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము గణగణమంటుంది, తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. వెనుక రెండు అడ్డపట్టీలు మార్చవలసి వచ్చింది. బ్రేకు సిలిండర్లలోని రబ్బర్లు చేతిలో పొడి అయ్యాయి. టైర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పాతబండి తెచ్చుకున్న కుర్రవాళ్లు మొదట గాలి కొట్టడానికే పరుగెత్తుతారు. ఈ చక్రాలకు అంచున విడిగా ఒక ఇనుప రింగు ఉంటుంది. తుప్పుపట్టిన రింగు గాలి ఒత్తిడికి ఊడితే మనిషి ప్రాణం పోతుంది. ఉస్తాద్ గారు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో దూరాన నిలబడి కొట్టించారు. పిల్లలను షెడ్డు బయటికి పంపేశారు.

కేంద్రం 2021లో తెచ్చిన వింటేజి నిబంధనలు యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకే వర్తిస్తాయి. మా బండికి వయసూ చాలదు, చక్రాలు ఆరు. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే అది రోడ్డెక్కుతుంది. తమ్ముడికి ఆ చింత ఇంకా ఉంది.

ఇంజను మొదలుపెట్టిన రోజున ఉస్తాద్ గారు ఒక కుర్రవాడి చేతికి చెక్కపలక ఇచ్చి గాలి పీల్చే గొట్టం దగ్గర నిలబెట్టారు. పంపులో రాక్ ఇరుక్కుంటే డీజిలు ఆగదు, ఇంజను అదుపుతప్పి పగిలేదాకా పరుగెడుతుంది; అప్పుడు పలకతో గాలి మూసెయ్యడమొక్కటే మార్గం. అబ్బాను డ్రైవరు సీటులో కూర్చోబెట్టారు. ఆయన బిస్మిల్లాహ్ అని, చేయి చాచి డ్యాష్ పలక మీద ఏదో వెతికారు.

పాత బెంజిలో డీజిలు నేరుగా సిలిండరులో పడదు, పక్కనున్న చిన్న గదిలో ముందు అంటుకోవాలి. చల్లని ఇంజనుకు అది చేతకాదు కనుక హీటర్ ప్లగ్గులు ఉండేవి. ఎదురుగా పలకలో చిన్న తీగచుట్ట ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. అరవై ఏళ్ల తరువాత కూడా చెయ్యి ఆ మీట కోసమే వెళ్లింది.

"ఇందులో హీటరు లేదు పెద్దాయనా, నేరుగా కొట్టండి" అన్నారు ఉస్తాద్ గారు.

"ఔను కదా" అని అబ్బా కొట్టారు. నాలుగోసారికి తెల్లని పొగ కక్కి, రెండు సిలిండర్లతో కుంటి, తరువాత ఆరూ అందుకున్నాయి. పలక అవసరం రాలేదు. తమ్ముడు చీరాలకు ఫోను కలిపి ఇంజను దగ్గర పెట్టాడు. ఖాలా కొంతసేపు విన్నారు.

"రెండో గేరు జారుతుంది, జాగ్రత్త. వాలులో దిగేటప్పుడు మా ఆయన దాన్ని మోకాలితో పట్టుకునేవారు" అన్నారు.

గేరుబాక్సు ఇంకా విప్పలేదు. వచ్చే వారం విప్పుతామని ఉస్తాద్ గారు గోడమీద సుద్దతో రాసుకున్నారు.