ఆస్పత్రి గడప దాటించే రక్తపరీక్షలు

అమెరికాలోని మన తెలుగు ఇండ్లకు ఒకప్పుడు మాతృదేశం నుండి వచ్చే అతిథులు ముఖ్యంగా తల్లిదండ్రులే. పురుళ్ళకో, గృహప్రవేశాలకో వచ్చి ఆరు నెలలుండి వెళ్ళేవారు. ఇటీవలి సంవత్సరాలలో మరొక తరగతి అతిథులు కూడ రావడం చూస్తున్నాము. గుంటూరులోనో, కర్నూలులోనో, వరంగల్లులోనో వైద్యవిద్య చివరి దశకు చేరిన మేనకోడళ్ళు, మేనల్లుళ్ళు, మిత్రుల పిల్లలు. ఇక్కడి ఒక బోధనాస్పత్రిలో నాలుగు వారాలు పనిచేసి, అనుభవం గడించి వెళ్ళడం వారి ఉద్దేశం. దానికే ఎలెక్టివ్ అని పేరు.

ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. రసాయనశాస్త్రంలో పరిశోధన చేసుకొనేవాడు. అయితే గత కొన్నేళ్ళుగా బంధుమిత్రుల పిల్లల దరఖాస్తులను దగ్గరనుండి చూచే అవకాశం కలిగింది. వారిలో పెక్కుమంది ఆగిపోయినది మార్కుల దగ్గర కాదు, ఇంగ్లీషు దగ్గరా కాదు. దరఖాస్తుతో జతపరచవలసిన టీకాల పత్రం దగ్గర. చూడడానికి అది ఒక గుమాస్తా పనివలె ఉంటుంది. దాని వెనుక ఉన్నది మాత్రం స్వచ్ఛమైన జీవరసాయనశాస్త్రం. ఆ శాస్త్రం ఎరిగినవారికి క్యాలెండరు ఎక్కడనుండి మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఎరుగనివారు ఆఖరు నెలలో పరుగులు తీస్తారు.

ముందుగా ఎలెక్టివ్ అంటే ఏమిటో రెండు మాటలు. రోగిని ప్రశ్నించి, పరీక్షించి, ఆచార్యునికి నివేదించే అవకాశం విద్యార్థికి ఇందులో ఉంటుంది. అబ్జర్వర్‌షిప్ దీనికి భిన్నం. అందులో గోడవార నిలబడి చూడడమే గాని రోగిపై చేయి వేయరాదు. పట్టా పుచ్చుకొన్న తరువాత సాధారణంగా రెండవదే మిగులుతుంది. కనుక ఎలెక్టివ్ విద్యార్థిగా ఉన్నపుడే చేయాలి. మన దేశంలో పట్టా ఇంటర్న్‌షిప్ ముగిసిన తరువాత గాని చేతికి రాదు గనుక, ఇంటర్న్‌ను ఇక్కడివారు విద్యార్థిగా లెక్కిస్తారా లేదా అనేది ఒక్కొక్క విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క తీరు. ముందే వ్రాసి అడిగి, జవాబు కూడ వ్రాతలోనే తెప్పించుకోవడం మేలు.

ఈ నాలుగు వారాలకు ఇటీవల విలువ పెరిగింది. వైద్య లైసెన్సు పరీక్షలలో మొదటిదైన స్టెప్ 1కు 2022 జనవరి నుండి మార్కులు లేవు, ఉత్తీర్ణత మాత్రమే. రోగులవలె నటించేవారిని పరీక్షింపజేసే స్టెప్ 2 సి.ఎస్. పరీక్షను 2021లో పూర్తిగా ఎత్తివేశారు. కొలబద్దలు రెండు తగ్గినపుడు, రెసిడెన్సీకి ఎంపిక చేసేవారి కన్ను సహజంగా ఇక్కడి ఆచార్యులు వ్రాసిన సిఫారసు లేఖలపై పడుతుంది. ఇది నా అభిప్రాయమే గాని, ఎంపిక సంఘాలలో కూర్చొనే వైద్యమిత్రులు కూడ దీనిని కాదనలేదు.

దరఖాస్తుకు మార్గాలు రెండు. అమెరికా వైద్యకళాశాలల సంఘం నడిపే వి.ఎస్.ఎల్.ఓ. అనే ఉమ్మడి వ్యవస్థ ఒకటి; విద్యార్థి చదివే కళాశాల అందులో చేరి ఉంటేనే అది పనికివస్తుంది. రెండవది విశ్వవిద్యాలయానికి నేరుగా పంపుకోవడం. డీన్ లేఖ, మార్కుల పత్రం, బీమా పత్రాలు రెంటికీ కావాలి. కొన్నిచోట్ల స్టెప్ 1 ఉత్తీర్ణత కూడ అడుగుతారు. డబ్బు తీసుకొని ‘ఎలెక్టివ్’ ఇప్పించే దళారులు కూడ ఉన్నారు. వారు చూపే చోటు తరచు ఒక ప్రైవేటు క్లినిక్కు. విశ్వవిద్యాలయం పేరులేని ఆ లేఖకు తరువాత ఎంత విలువ ఉంటుందో ముందుగా విచారించుకోవాలి.

వీసా విషయంలో మన కుటుంబాలవారికి ఒక మనవి. స్వదేశంలోని వైద్యకళాశాల చదువులో భాగంగా, ఆస్పత్రినుండి వేతనం పుచ్చుకొనకుండ ఎలెక్టివ్ చేసే విద్యార్థి బి-1 వీసాపై రావచ్చునని ఇక్కడి విదేశాంగశాఖ నియమావళిలోనే ఉన్నది. విమానాశ్రయంలో అధికారి అడిగినపుడు “మా మామయ్యగారిని చూడడానికి వచ్చాను” అని చెప్పమని పిల్లలకు నేర్పే పెద్దలను ఎరుగుదును. ఉన్నది ఉన్నట్లు చెప్పి, విశ్వవిద్యాలయపు లేఖ చూపడమే క్షేమకరం. సంచిలో స్టెతస్కోపు పెట్టుకొని చుట్టపుచూపు అంటే ఎవరు నమ్ముతారు?

ఇక అసలు విషయానికి వస్తాను.

టీకాల పత్రంలో అందరికన్న ఎక్కువ కాలం తినేది హెపటైటిస్ బి. రక్తం ద్వారా సోకే ఈ కాలేయవ్యాధి ఆస్పత్రిలో పనిచేసేవారికి సూదిమొనపైన ఉన్నట్లే లెక్క. మూడు డోసులు వేసికొన్నట్లు ధ్రువపత్రం ఉంటే చాలదు. రక్తంలో ప్రతిరక్షకాలు ఎంత ఉన్నవో అంకెలో చూపాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు కనీసపు మొత్తం. చాల ప్రయోగశాలలు “పాజిటివ్” అన్న ఒక్క మాట వ్రాసి ఇస్తాయి. అది ఇక్కడ చెల్లదు.

నా మేనకోడలికి జరిగినది ఇదే. కళాశాలలో చేరినపుడు మూడు డోసులు పుచ్చుకొన్నది. నాలుగేళ్ళ తరువాత ఎలెక్టివ్‌కోసం రక్తం ఇస్తే 4 యూనిట్లు మాత్రమే వచ్చింది. “మామయ్యా, టీకా పనిచేయలేదా?” అని ఆ రాత్రి ఫోనులో ఏడ్చినంత పని చేసింది. పనిచేయకపోవడం కాకపోవచ్చు. ప్రతిరక్షకాలు ప్రొటీన్లు, ఏళ్ళు గడిచేకొద్ది అవి తరిగిపోతాయి. వాటిని తయారుచేయడం నేర్చిన కణాల జ్ఞాపకం మాత్రం చాలమందిలో మిగిలి ఉంటుంది. ఆ జ్ఞాపకం ఉన్నదీ లేనిదీ తేల్చేందుకు మరొక డోసు ఇచ్చి, నెల రెండు నెలల తరువాత మళ్ళీ కొలుస్తారు. ఆమెకు ఆరు వారాల తరువాత ఆ అంకె 100 దాటింది. అయితే ఆ ఆరు వారాలలో జులై నెలకు ఖాయమైన స్థానం మరొకరికి పోయింది. తిరిగి మూడు చోట్ల దరఖాస్తు పెట్టగా మరొక విశ్వవిద్యాలయంలో అక్టోబరులో దొరికింది. విమానపు టిక్కెట్టు డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అసలు టీకాయే వేసికొననివారికి లెక్క ఇంకా పొడవు. మొదటి డోసు, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది, ఆపైన నెల రెండు నెలలకు రక్తపరీక్ష. అన్నీ కలిపి ఎనిమిది నెలలు. ఆరోగ్యవంతులలో కూడ నూటికి 5 నుండి 10 మందికి మూడు డోసుల తరువాత తగినన్ని ప్రతిరక్షకాలు పుట్టవు. వారు రెండవ వరుస ప్రారంభించాలి. కాబట్టి ఎలెక్టివ్ తలంపు కలిగిన నాడే, అనగా ఏడాది ముందే, రక్తం ఇచ్చి అంకె తెలిసికోవడం ఉత్తమం. ఈ సందర్భంలో ఒక ముచ్చట. ఈ టీకాను భారతదేశంలో మొట్టమొదట స్వయంగా జన్యుపద్ధతిలో తయారుచేసి 1997లో విపణికి తెచ్చినది హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్. అంతకు ముందు మనకు దిక్కు, ఎంతో ఖరీదైన విదేశీ టీకాయే.

తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఆటలమ్మ — వీటి విషయంలో చిక్కు వేరు. భారత ప్రభుత్వ కార్యక్రమంలో 2017 నుండి ఇస్తున్నది తట్టు, రుబెల్లా కలిపిన టీకా. అందులో గవదబిళ్ళలకు చోటు లేదు. ఆటలమ్మ టీకా కూడ ఆ జాబితాలో లేదు. ఇక్కడి పత్రం నాలుగింటినీ అడుగుతుంది. “చిన్నప్పుడు అమ్మవారు పోసింది” అని అమ్మమ్మ చెప్పిన మాట నిజమే కావచ్చు. దానికి బదులు రక్తంలోని ప్రతిరక్షకాల నివేదిక చూపాలి. లేదా రెండేసి డోసులు 28 రోజుల ఎడంతో వేయించుకోవాలి.

అన్నింటికన్న ఎక్కువ భయపెట్టేది క్షయపరీక్ష. ఇందులో భయానికి కారణం చాలవరకు మన భుజంమీది మచ్చలోనే ఉన్నది.

1890లో కాక్ మహాశయుడు క్షయక్రిములనుండి ట్యూబర్క్యులిన్ అనే ద్రవాన్ని తీశాడు. ఔషధంగా అది విఫలమైనా పరీక్షగా నిలిచింది. దానిలోని ప్రొటీన్లను శుద్ధి చేసి నమ్మదగిన ద్రవ్యంగా మార్చినది 1930లలో ఫ్లోరెన్స్ సైబర్ట్ అనే అమెరికన్ రసాయనశాస్త్రజ్ఞురాలు. ఆ ద్రవ్యాన్ని 0.1 మిల్లీలీటరు ముంజేతి చర్మంలోకి ఎక్కించి, 48 నుండి 72 గంటల మధ్య గట్టిపడిన భాగాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎరుపును కాదు, గట్టిదనాన్ని. క్షయ ఎక్కువగా ఉన్న దేశాలనుండి క్రొత్తగా వచ్చినవారికి 10 మిల్లీమీటర్లు గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే పాజిటివ్ అంటారు.

ఇప్పుడు బి.సి.జి. సంగతి. ఫ్రాన్సులో కాల్మెట్, గేరిన్ అనే ఇద్దరు 1908నుండి 13 సంవత్సరాలపాటు పశువుల క్షయక్రిమిని పిత్తరసం కలిపిన బంగాళాదుంపపైన మూడేసి వారాలకు ఒకమారు మార్చుతూ, 230 మార్లు పెంచి దాని కోరలు ఊడగొట్టారు. 1921లో దానిని తొలిసారి మనిషికిచ్చారు. భారతదేశంలో 1948లో ప్రవేశించింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు 1950నుండి చుట్టుప్రక్కల జనంలో దాని ఫలితాలను శాస్త్రీయంగా పరిశీలించారన్న సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. అమెరికా దానిని ఏనాడూ శిశువులందరికీ వేయలేదు. బి.సి.జి.లోను, క్షయక్రిమిలోను ప్రొటీన్లు చాలవరకు ఒకటే కనుక, పుట్టిన వెంటనే బి.సి.జి. పడిన మన పిల్లల చర్మం ట్యూబర్క్యులిన్‌ను చూచి పాతపరిచయంతో ఉబ్బవచ్చు. ఆ ఉబ్బు టీకావలన వచ్చినదో, క్రిమివలన వచ్చినదో చర్మం చెప్పలేదు.

దీనికి విరుగుడు ఆ 230 మార్పిళ్ళలోనే దొరికింది. అన్నిమార్లు పెంచడంలో బి.సి.జి. క్రిమి తన జన్యువులలో ఒక తునక పోగొట్టుకొన్నట్లు 1990లలో పరిశోధకులు కనుగొన్నారు. ఇసాట్-6, సి.ఎఫ్.పి.-10 అనే రెండు చిన్న ప్రొటీన్లకు సూత్రం ఆ తునకలోనే ఉన్నది. అనగా అవి అసలు క్షయక్రిమిలో ఉంటాయి, టీకాలో ఉండవు. రక్తాన్ని ఆ రెండు ప్రొటీన్ల ముక్కలతో కలిపి, శరీరపు వేడిలో 16 నుండి 24 గంటలుంచుతారు. క్షయక్రిమిని ఎరిగిన రక్తకణాలుంటే ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి, దానిని కొలుస్తారు. క్వాంటిఫెరాన్ పేరుతో ప్రసిద్ధమైన పరీక్ష ఇదే. ఇండియాలోని పెద్ద ప్రయోగశాలలలోను దొరుకుతుంది. బి.సి.జి. పడినవారు చర్మపరీక్షకు బదులు నేరుగా దీనినే చేయించుకోవడం వివేకం.

అది కూడ పాజిటివ్ వస్తే? ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగవ వంతుకు ఎప్పుడో ఒకప్పుడు క్షయక్రిమి సోకినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. సోకడం వేరు, వ్యాధి వేరు. ఛాతీ ఎక్స్‌రే నిర్మలంగా ఉండి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటి లక్షణాలు లేకపోతే ఆ విద్యార్థినుండి ఇతరులకు అంటుకొనదు. నిద్రాణస్థితిలోని క్రిమిని తొలగించే చికిత్స నాలుగు నెలల లోపలే ముగిసేది ఇప్పుడున్నది. ఎక్స్‌రే నివేదికను, వైద్యుని లేఖను జతచేస్తే సాధారణంగా దరఖాస్తు ముందుకు సాగుతుంది. పెండ్లిసంబంధాలు చెడిపోతాయేమోనని ఈ నివేదికను దాచిన తల్లిదండ్రులను నేనెరుగుదును. ఆ దాపరికం వలన నష్టపోయేది ఆ బిడ్డ ఊపిరితిత్తులే.

వీటిని చేయించే వరుసలో ఒక మెలకువ ఉన్నది. తట్టు, ఆటలమ్మ టీకాలు సజీవ క్రిములతో చేసినవి; అవి కొన్ని వారాలపాటు క్షయపరీక్ష ఫలితాన్ని మందగింపజేయవచ్చు. కనుక క్షయపరీక్ష టీకాకు ముందో, అదే రోజుననో చేయించాలి. లేకపోతే నాలుగు వారాలు ఆగాలి. సజీవ టీకాలు రెండూ ఒకేనాడు వేయించుకోవచ్చు, లేదా 28 రోజుల ఎడమివ్వాలి. ప్రయోగశాలలో ఏ ద్రావకం ముందు, ఏది వెనుక అన్నది ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే.

చివరిది మూత్రంలో మాదకద్రవ్యాల పరీక్ష. కొన్ని ఆస్పత్రులు అడుగుతాయి. ఇది ఆతిథ్యమిచ్చే ఇండ్లవారు ప్రత్యేకంగా గమనించవలసినది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయలోని పాలు అంటుకొని వాటిపై స్వల్పంగా మార్ఫిన్ ఉంటుంది. కడిగితే, వేయిస్తే తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ఈ కారణంవల్లనే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షకు హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాములనుండి 2000కు పెంచింది. పాత హద్దునే పాటించే ప్రయోగశాలలు ఇంకా ఉన్నవి. 2023లో ఇక్కడి రక్షణశాఖ తన సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది. తిన్నది గసగసాలే అని నిరూపించడం కష్టం. మూత్రంలో కనబడేది నిజమైన మార్ఫినే గనుక యంత్రం అబద్ధం చెప్పినదని వాదించడానికి వీలులేదు. మేనకోడలు వచ్చినదని కోడికూర వండే అత్తయ్యలు పరీక్ష అయ్యేవరకు మూడు నాలుగు రోజులు గసగసాలకు బదులు జీడిపప్పు నూరి వేయండి. రుచికి పెద్ద లోటు రాదు.