ఒక్క డాలరు కారు... పాతిక కోట్లు!

పాతకారును అమ్మితే ఎంతొస్తుంది? బ్యాట్‌మ్యాన్ కారుకైతే 46 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటి లెక్కలో దాదాపు పాతిక కోట్ల రూపాయలు!

నిజానికి అది పుట్టింది బ్యాట్‌మ్యాన్ కోసం కాదు. ఫోర్డ్ కంపెనీ లింకన్ బ్రాండ్ పేరుతో 1955లో 'ఫ్యూచురా' అనే నమూనా కారును ప్రదర్శించింది. ఇటలీలో చేత్తో తయారుచేయించిన ఆ ఒక్క కారుకే రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయింది. ముత్యంలా మెరిసే తెలుపు రంగు, పైన రెండు గాజుబుడగల్లాంటి కప్పు... అందరూ ఔరా అన్నారు కానీ అది మార్కెట్లోకి మాత్రం రాలేదు. 1959లో ఎర్రరంగు పూసుకుని ఓ సినిమాలో కనిపించి, ఆ తర్వాత మూలనపడింది.

కార్ల రూపురేఖలు మార్చడంలో దిట్ట అయిన జార్జ్ బ్యారిస్ దాన్ని నామమాత్రంగా ఒక్క డాలరుకు కొన్నాడు. 1965లో టీవీ సీరియల్ వాళ్లు బ్యాట్‌మ్యాన్‌కి కారు కావాలంటూ మూడు వారాలే గడువిచ్చారు. అంతలో కొత్తది తయారుచేయడం కష్టం. దాంతో ఫ్యూచురా తోకల్నే గబ్బిలం రెక్కల్లా మలిచి, నల్లరంగు వేసి, అంచులకు ఎర్రటి గీతలు దిద్దాడు. 1966 జనవరిలో సీరియల్ మొదలైంది, కారు హీరో అయిపోయింది. దాన్ని దశాబ్దాలపాటు తన దగ్గరే ఉంచుకున్న బ్యారిస్ 2013 జనవరిలో అరిజోనాలో జరిగిన బారెట్-జాక్సన్ వేలంలో అమ్మేశాడు.

మామూలుగా పాతకార్లు సేకరించేవాళ్లు అసలు రూపం చెక్కుచెదరని వాటికే ఎక్కువ ధర పెడతారు. ఈ కారు కథ మాత్రం రివర్సు... రూపం పోగొట్టుకుంటేనే విలువ పెరిగింది!