వైఫై గుర్తు ఉన్నా నెట్ రాదేం?

జైనూర్: చరవాణి తెరపై వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా వెబ్‌సైట్ ఒక్కటీ తెరుచుకోదు. రూటర్ పాడైందని భావించి చాలామంది వెంటనే రీసెట్ మీట నొక్కుతుంటారు. దానివల్ల అందులోని అమరికలన్నీ చెరిగిపోయి, మళ్లీ సిబ్బందిని పిలిపించుకోవాల్సి వస్తుంది. అందుకే లోపం ఇంట్లో ఉందో, బయట ఉందో ముందుగా తేల్చుకోవాలి. వైఫై గుర్తు చరవాణికి, రూటర్‌కు నడుమ ఉన్న అనుసంధానాన్నే సూచిస్తుంది. ఇంట్లోకి ఇంటర్నెట్ వస్తోందో లేదో అది చెప్పదు.

దీపాలను గమనించాలి
ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు పెట్టెపై ‘పీఓఎన్’ దీపం నిలకడగా వెలుగుతోందా అన్నది చూడాలి. ‘ఎల్‌ఓఎస్’ దీపం ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. కేబుల్ తెగి ఉండవచ్చు లేదా బాగా వంగి ఉండవచ్చు. అప్పుడు సంస్థకు ఫిర్యాదు చేయాలి. దీపాలు సరిగా ఉన్నా నెట్ రాకుంటే పెట్టెను ఒకసారి ఆపి, తిరిగి ఆన్ చేయాలి. రూటర్ వద్ద బాగా పనిచేసి, లోపలి గదిలో రాకుంటే గోడలు అడ్డుపడుతున్నట్లే. 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం గోడలను మెరుగ్గా దాటుతుంది.

సేవలే ఆగితే..
2024 సెప్టెంబరు 4న జైనూర్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు అధికారులు ఇంటర్నెట్ సేవలను తాత్కాలికంగా నిలిపివేశారు. అటువంటి సమయాల్లో రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ నెట్ ఆగిందేమో విచారిస్తే విషయం తెలుస్తుంది.

ఎవరెవరు వాడుతున్నారు?
నెట్ నెమ్మదిస్తే ఇతరులు వాడుకుంటున్నారేమో పరిశీలించాలి. రూటర్ అడుగున ముద్రించిన చిరునామాను (ఉదాహరణకు 192.168.1.1) బ్రౌజర్‌లో టైపు చేసి లాగిన్ అయితే అనుసంధానమైన పరికరాల జాబితా కనిపిస్తుంది. అందులో తెలియని పరికరం ఉంటే పాస్‌వర్డ్ మార్చాలి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వెలువడిన బెదిరింపు ఈ-మెయిల్, నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లినట్లు తేలింది. దాంతో ఆ ఇంట్లో ఉంటున్న అమెరికా జాతీయుడు పోలీసుల విచారణను ఎదుర్కోవాల్సి వచ్చింది. కనుక ‘డబ్ల్యూపీఏ2’ లేదా ‘డబ్ల్యూపీఏ3’ భద్రతను ఎంచుకోవాలి. రూటర్‌తో పాటు వచ్చిన లాగిన్ పాస్‌వర్డ్‌ను కూడా తప్పక మార్చుకోవాలి.