స్నానం తరవాత నూనె

మన ఇళ్ళల్లో వరస అందరికీ తెలిసిందే. ముందు తలకి నూనె, తరవాత స్నానం. ఆ నూనె కుంకుడు రసంతో పోవాల్సిందే. చాలా క్రైస్తవ శాఖల్లో జ్ఞానస్నానం దగ్గర వరస తిరగబడుతుంది: ముందు నీళ్ళు, తరవాత నూనె. పోవడానికి కాదు, నిలవడానికి పూసే నూనె అది.

రంగూన్‌లో బోటాటౌంగ్ పేటలోని సెయింట్ మేరీస్ కేథడ్రల్ చూసినప్పుడు నాకీ సంగతి మీద ఆసక్తి కలిగింది. 1895లో కట్టడం మొదలైన ఎర్ర ఇటుకల చర్చి అది. పోప్ ఫ్రాన్సిస్ 2017 నవంబరు 30న యువజనుల కోసం పూజ చేసింది అక్కడే. కేథడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉన్న చర్చి. ఏటా ఈస్టరు ముందు రోజుల్లో బిషప్పు తన గురువులతో కలిసి ఈ నూనెను పవిత్రం చేస్తాడు. పేరు క్రిజం. ఆలివ్ నూనె, అందులో సుగంధ ద్రవ్యం. ఆలివ్ దొరకనిచోట వేరే మొక్కల నూనె వాడుకోవచ్చని 1970లో రోము అనుమతించింది.

నూనె ఎందుకు? పూర్వం ఇశ్రాయేలులో రాజులనీ, యాజకులనీ నూనెతో అభిషేకించేవారు. 'క్రీస్తు' అన్నా, 'మెస్సీయ' అన్నా అర్థం అభిషిక్తుడనే. నీళ్ళు పాపాన్ని కడిగితే, నూనె ఆ అభిషేకంలో వాటా ఇస్తుందని నమ్మకం. క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టూలియన్ రాతల్లోనే ఈ ఆచారం కనిపిస్తుంది.

తూర్పు దేశాల ఆర్థొడాక్స్ చర్చిల్లో చంటిబిడ్డకైనా రెండూ ఒకేసారి చేస్తారు. పడమట ఈ అభిషేకాన్ని బిషప్పుకే అట్టేపెట్టారు. ఆయన ప్రతి ఊరికీ వెంటనే రాలేడు గనక అది రెండుగా విడిపోయింది: స్నానం రోజున గురువు నడినెత్తిన రాస్తాడు, బిడ్డ పెద్దయ్యాక బిషప్పు నుదుట రాస్తాడు. తెలుగు కతోలికులు ఈ రెండోదాన్ని 'భద్రమైన అభ్యంగనం' అంటారు.

బాప్టిస్టుల దారి వేరు. 1813లో జడ్సన్ రంగూన్‌లో దిగాడు. ఆయన వెనక నిలిచిన అమెరికన్ బాప్టిస్టులే తరవాత ఒంగోలుకీ వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. నూనె చుక్క లేదు. అభిషేకం ఆత్మ చేసే పని, అది లోపల జరిగేదని వారి వాదం.

ఇదంతా మనకెందుకంటే, ఇక్కడ మన పిల్లల పెళ్ళిళ్ళు శాఖలు దాటుతున్నాయి. బాప్టిస్టు ఇంటి పిల్ల కతోలికుణ్ణి చేసుకుంటే, "ఏట్లో మునిగిన మా బాప్తిస్మం చెల్లదా?" అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. చెల్లుతుంది. పెళ్ళి కోసం శాఖ మారడం తప్పనిసరి కాదు. ఒకవేళ ఆ అమ్మాయి తానే కతోలికురాలు కావాలనుకున్నా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరిట నీళ్ళతో జరిగిన స్నానాన్ని మళ్ళీ చేయరు. నుదుట నూనె మాత్రం రాస్తారు. తాతల నాటి ఆ ఏటి నీళ్ళను ఎవరూ కాదనడం లేదని ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి.