గోరంత యాప్‌కి కొండంత మోత!

‘‘ఒరేయ్ నానీ, నీ యాప్ ఎక్కిందిరా! చోటు లేదంటే పాత వీడియోలు తీసేశా’’ అని తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసి సంబరంగా చెప్పింది.

‘‘ఏ వీడియోలు పిన్నీ?’’ అన్నా.

‘‘అవేరా, నాన్న ఉన్నప్పుడు తీసినవి. మళ్లీ ఎక్కించుకోవచ్చుగా?’’

డిలీట్ చేసినా చోటు రాలేదని, పక్క షాపు కుర్రాడు చెబితే ట్రాష్ కూడా ఖాళీ చేసేసిందట. ఇక అవి తిరిగి రావని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పిన్నికి టైలరింగ్ షాపు ఉంది. ఎవరి చేతి పొడవెంత, ఎవరి మెడ లోతెంత అన్నీ ఓ నోటుబుక్కులో రాసుకుంటుంది. పండగల ముందు ఆ బుక్కు కనపడక, ఆది జాకెట్టు మళ్లీ తెమ్మని అడగలేక ఆమె పడే పాట్లు చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. అందుకే బీటెక్ అయ్యాక నేను చేసిన మొదటి యాప్ ఆమె కోసమే. పేరు కొడితే కొలతలు వస్తాయి, అంతే. ఫ్లట్టర్‌లో రాసి, ఏపీకే ఫైల్‌ని వాట్సాప్‌లో పంపించా. సైజు మాత్రం చూడలేదు.

ఆ రోజు చూశా. 148 ఎంబీ! అదీ ఒకసారి కాదు. వాట్సాప్‌లో దిగిన ఫైల్‌కి ఓ చోటు, ఇన్‌స్టాల్ అయిన యాప్‌కి మరో చోటు కావాలి. పిన్నిది 16 జీబీ ఫోను. సగానికి పైగా సిస్టమ్ ఫైళ్లే ఉంటాయి. మిగిలిన దాంట్లో తాతయ్య ఉన్నాడు.

కేసెట్‌తో పాటు టేప్‌రికార్డర్

నేను రాసిన కోడ్ మొత్తం ఒక ఎంబీ కూడా లేదు. మరి మిగతాదంతా ఏంటి?

చాలా ప్రోగ్రాములు సొంతంగా నడవలేవు. వాటిని నడిపించే మరో ప్రోగ్రాం కావాలి. దాన్నే రన్‌టైమ్ అంటారు, కొన్నిచోట్ల ప్లేయర్ అంటారు. కేసెట్ ఉంటే సరిపోదు కదా, టేప్‌రికార్డర్ కూడా కావాలి. ఇదీ అంతే.

ఒకప్పుడు ఈ ప్లేయర్‌ని కంప్యూటర్‌లో ఒక్కసారి వేసుకుంటే చాలు. ఫ్లాష్ ప్లేయర్ అలాంటిదే. అది ఉంటే, కొన్ని కేబీల గేములు ఎన్నైనా ఆడుకోవచ్చు. జావా రన్‌టైమ్ కూడా అంతే. కానీ ఒక ప్రోగ్రాంకి పాత వెర్షన్ కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి. ఒకటి అప్‌డేట్ చేస్తే మరొకటి ఆగిపోయేది. ఫ్లాష్ అయితే సెక్యూరిటీ లోపాలతో విసిగించి, చివరికి 2020 డిసెంబర్ 31తో సపోర్టే ఆగిపోయింది.

అందుకే ఇప్పుడు ఎవరి టేప్‌రికార్డర్ వాళ్లే మోసుకొస్తున్నారు. మీ ల్యాప్‌టాప్‌లో వీఎస్ కోడ్, డిస్కార్డ్ ఉన్నాయా? రెండూ ఎలక్ట్రాన్ మీద నడిచేవే. అంటే ఒక్కోదానిలో క్రోమియం బ్రౌజర్ ఇంజిన్, నోడ్ జేఎస్ విడివిడిగా కూర్చుని ఉంటాయి. పెళ్లికి పిలిస్తే ప్రతి చుట్టమూ తన వంటవాణ్ని వెంటపెట్టుకొచ్చినట్టన్నమాట!

148 నుంచి 8కి

నా మొదటి తప్పు తెలిస్తే డెవలపర్లు నవ్వుతారు. పిన్నికి పంపింది డీబగ్ బిల్డ్. రాసేటప్పుడు మార్పులు వెంటనే కనపడటానికి, తప్పులు పట్టుకోవడానికి అందులో బోలెడు సరంజామా ఉంటుంది. వాడేవాళ్లకి అదేదీ అక్కర్లేదు. రిలీజ్ బిల్డ్ చేస్తే కోడ్ ముందే మెషీన్ భాషలోకి మారిపోతుంది, వాడని కోడ్ కూడా చాలావరకు రాలిపోతుంది. 148 కాస్తా 27 అయింది.

ఆ 27లోనూ మోత ఉంది. ఏపీకేని జిప్ ఫైల్‌లా తెరిచి చూడొచ్చు. చూస్తే, ఒకే ఇంజిన్ మూడుసార్లు కనిపించింది! 32 బిట్ ఏఆర్ఎం ఫోన్లకి ఒకటి, 64 బిట్ ఏఆర్ఎం ఫోన్లకి ఒకటి, ఇంటెల్ తరహా ప్రాసెసర్లకి ఒకటి. పిన్ని ఫోన్‌కి కావాల్సింది మొదటిదొక్కటే. బిల్డ్ చేసేటప్పుడు ‘స్ప్లిట్ పర్ ఏబీఐ’ అనే ఆప్షన్ ఇస్తే మూడు వేర్వేరు ఏపీకేలు వస్తాయి. మొదటిది 12 ఎంబీ తూగింది.

మిగిలిన బరువు నా సోకుది. అందంగా ఉంటాయని మూడు తెలుగు ఫాంట్లు పెట్టా. ఆమె ఫోన్‌లో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంది. వాటిని తీసేసి, మెడ డిజైన్ల బొమ్మల్ని పీఎన్‌జీ నుంచి వెబ్‌పీకి మార్చా. 8 ఎంబీకి దిగింది.

అక్కడ ఆగింది. ఫ్లట్టర్ ప్రతి అక్షరాన్నీ, ప్రతి బటన్‌నీ తనే గీసుకుంటుంది. ఆ గీసే ఇంజిన్ యాప్ వెంట ఉండి తీరాలి. అదే యాప్‌ని నేరుగా కోట్లిన్‌లో, ఫోన్‌లో ముందే ఉన్న సరుకుతో రాసుంటే ఇంకా చిన్నగా వచ్చేది. అప్పుడు ప్లేయర్ ఆండ్రాయిడే. కానీ ఐఫోన్ కోసం మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి. ఏదీ ఊరికే రాదు.

పెద్దవాళ్లదీ ఇదే పాట్లు

ఈ మోత తగ్గించాలని పెద్ద పెద్ద సంస్థలే తల పట్టుకున్నాయి. 2017లో వచ్చిన జావా 9తో జేలింక్ అనే పనిముట్టు ఇచ్చారు. మన ప్రోగ్రాంకి కావాల్సిన ముక్కలతోనే చిన్న రన్‌టైమ్ కట్టుకోవచ్చు. ఎలక్ట్రాన్‌కి పోటీగా వచ్చిన టారీ అయితే బ్రౌజర్‌ని వెంట మోయదు, సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది. అందుకే చిన్న యాప్‌లు కొద్ది ఎంబీల్లోనే తేలతాయి. కాకపోతే విండోస్‌లో ఒక వెబ్‌వ్యూ, మ్యాక్‌లో మరొకటి. అన్నిట్లోనూ పరీక్షించుకోక తప్పదు.

ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లకి 2021 ఆగస్టు నుంచి యాప్ బండిల్ తప్పనిసరి. ఏ ఫోన్‌కి కావాల్సిన ముక్కని ఆ ఫోన్‌కే స్టోర్ పంపుతుంది. నాలా వాట్సాప్‌లో పంపితే ఆ సాయం ఉండదు. మనమే చూసుకోవాలి.

యాప్ సైజు 6 ఎంబీ పెరిగినప్పుడల్లా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల రేటు 1 శాతం తగ్గుతోందని 2017లోనే గూగుల్ ప్లే వాళ్లు లెక్క చెప్పారు. చదివినప్పుడు అదో అంకె. ఆ లెక్కలో కనిపించేది వద్దనుకుని వెళ్లిపోయినవాళ్లు. మా పిన్నిలా, మనమీద నమ్మకంతో ఉన్నది తీసేసి మరీ చోటిచ్చేవాళ్లు అందులో ఉండరు.

మీరూ యాప్ చేస్తుంటే ఒక్క పని చేయండి. మీ ఫోన్‌లో కాదు, ఇంట్లో అందరికన్నా పాత ఫోన్‌లో ముందు వేసి చూడండి. పంపే ముందు ఫైల్ సైజు చూడండి. డీబగ్ బిల్డ్ మాత్రం ఎవరికీ పంపొద్దు.

మొన్న తెనాలి వెళ్లి పాత యాప్ తీసేసి, కొలతలన్నీ కూర్చుని నేనే కొత్తదానిలో ఎక్కించా. తాతయ్య వీడియో ఒకటి మామయ్య ఫోన్‌లో దొరికింది. 40 సెకన్లు. అరుగు మీద కూర్చుని ఎవరినో కేకేస్తుంటాడు. పిన్ని ఫోన్‌లోకి పంపితే, ‘‘దీనికి చోటుందా నానీ?’’ అనడిగింది.

‘‘ఉంది పిన్నీ’’ అన్నా.